పిచికారి ద్రవంలో ఎమల్షన్: ఏర్పడే తీరు, పొరలుగా విడిపోయే తీరు

సస్యరక్షణలో వాడే ద్రవరూప మందులలో గణనీయమైన భాగం నేటికీ ఇ.సి. రూపంలోనే రైతుకు చేరుతున్నది. డబ్బాపై 20 ఇ.సి., 50 ఇ.సి. అని ముద్రించి ఉండే ఈ మందులలోని క్రియాశీల పదార్థం నీటిలో దాదాపు కరగదు. అయినా నీటిలో పోయగానే ద్రవమంతా పాలవలె తెల్లబడుతుంది. ఆ తెలుపును చూసి మందు చక్కగా కలిసిందని రైతు నిశ్చయించుకొంటాడు; సలహా ఇచ్చేవారు కూడా అంతకు మించి పరిశీలించడం అరుదు. కాని తెల్లనివన్నీ పాలు కావు. రెండు మైక్రాన్ల వ్యాసం గల నూనె బిందువులున్న ద్రవమూ తెల్లగానే ఉంటుంది, యాభై మైక్రాన్ల బిందువులున్న ద్రవమూ తెల్లగానే ఉంటుంది. మొదటిది పిచికారి పూర్తయ్యేవరకు నిశ్చింతగా నిలుస్తుంది. రెండవది కలిపిన కొద్దిసేపటికే పొరలుగా విడిపోవడం మొదలుపెడుతుంది.

దీని పర్యవసానాన్ని ఒక ఊహాత్మక లెక్కతో గ్రహించవచ్చు. 16 లీటర్ల చేతి పంపులో లీటరుకు 2 మి.లీ. చొప్పున 32 మి.లీ. మందు కలిపారని అనుకొందాం. అందులో సగం పైకి తేలి ఎగువనున్న ఒక లీటరులో పేరుకొన్నదనుకొంటే, కింది 15 లీటర్లలో మిగిలేది 16 మి.లీ. మాత్రమే. పంపు అడుగు నుండి ద్రవాన్ని తోడుతుంది కనుక మొదటి 15 లీటర్లలో లీటరుకు సుమారు 1.07 మి.లీ. మందు పడుతుంది. చివరి లీటరులో 16 మి.లీ. పడుతుంది, అనగా సిఫారసుకు ఎనిమిది రెట్లు. ముందు సాళ్లలో పురుగు చావదు, వెనుక సాళ్లలో ఆకు మాడుతుంది. మొదటిదానికి మందు నకిలీదనీ, రెండవదానికి మోతాదు ఎక్కువైందనీ వేరువేరు కారణాలు చెప్పుకోవడం పరిపాటి. రెండింటికీ మూలం ఒకే పంపులో విడిపోయిన పొర కావచ్చు. పైగా సగం మోతాదుకు గురై బతికిన పురుగులలో మందును తట్టుకొనే శక్తి ఉన్నవే తరువాతి తరానికి మిగులుతాయి.

తలవైశాల్యపు లెక్క

నూనె, నీరు కలవకపోవడానికి కారణం వాటి సరిహద్దు తలంపై ఉండే అంతరతల తన్యత. ఆ సరిహద్దును పెంచాలంటే శక్తి వెచ్చించాలి. అవకాశం చిక్కినపుడెల్లా వ్యవస్థ ఆ సరిహద్దును తగ్గించుకోవడానికే ప్రయత్నిస్తుంది. ఒక మిల్లీలీటరు నూనె ఒకే గోళంగా ఉంటే దాని తలవైశాల్యం ఐదు చదరపు సెంటీమీటర్ల లోపే. అదే నూనెను ఒక మైక్రాన్ వ్యాసం గల బిందువులుగా విడగొడితే మొత్తం వైశాల్యం 6 చదరపు మీటర్లు అవుతుంది. బిందువుల సంఖ్య సుమారు రెండు లక్షల కోట్లు. అంతటి వైశాల్యం మీద తన్యత పనిచేస్తున్నపుడు బిందువులు తిరిగి ఏకం కావడం సహజం. విడిపోవడం సాధారణ ఎమల్షన్‌కు అనివార్యమైన గతి. ఎమల్సీకరణి చేసేది ఆ గతిని ఆలస్యం చేయడమే. కనుక ఒక ఎమల్షన్ స్థిరమా, అస్థిరమా అని అడగడం కంటే ఎంతసేపు నిలుస్తుంది, ఎటువంటి నీటిలో నిలుస్తుంది అని అడగడం సరైనది.

ఇ.సి. డబ్బాలో మూడు పదార్థాలు ఉంటాయి: క్రియాశీల పదార్థం, దానిని కరిగించిన జైలీన్ వంటి ద్రావణి, ఎమల్సీకరణుల జంట. ఎమల్సీకరణులు సాధారణంగా నూటికి ఐదు నుండి పది పాళ్లు ఉంటాయి. జంటలో ఒకటి కాల్షియం డోడెసైల్ బెంజీన్ సల్ఫొనేట్ వంటి అయానిక పదార్థం. మరొకటి ఆముదపు నూనెకు ఇథిలీన్ ఆక్సైడ్‌ను చేర్చి తయారుచేసిన అయానేతర పదార్థం. మందును నీటిలో పోసినపుడు గరిట తిప్పకుండానే అది మేఘంవలె వ్యాపించడం అందరూ చూసిన దృశ్యమే. ద్రావణి, ఎమల్సీకరణి సరిహద్దు గుండా వేగంగా నీటిలోకి వ్యాపించడం వలన ఆ తలం అల్లకల్లోలమై తనంతట తానే చిన్న బిందువులుగా తెగిపోతుంది. ఈ స్వయం ఎమల్సీకరణ మంచి మందుకు తొలి గుర్తు. మందు దారంలా సాగి అడుగుకు జారినా, నూనె కళ్లు పైన తేలినా నిల్వలో గాని తయారీలో గాని లోపం ఉన్నదని అనుమానించాలి.

రంగు కూడా కొంత చెబుతుంది. బిందువులు ఒక మైక్రాన్ కంటే పెద్దవైతే ద్రవం పాలతెలుపుగా, 0.1 నుండి 1 మైక్రాన్ మధ్య ఉంటే నీలిఛాయ గల తెలుపుగా, అంతకంటే చిన్నవైతే బూడిదరంగు నుండి పారదర్శకంగా కనిపిస్తుంది. గాజు పాత్ర అంచున లేత నీలం కనిపిస్తే అది శుభసూచకం. చిక్కటి తెలుపు మాత్రం బిందువు రెండు మైక్రాన్లదో, యాభై మైక్రాన్లదో చెప్పలేదు.

నూనె వెలుపలనా, నీరు వెలుపలనా

ఎమల్షన్ శాస్త్రానికి, పంటల రక్షణకు ఉన్న సంబంధం పాతది. 1880 దశకంలో అమెరికాలోని ఫ్లోరిడా నారింజ తోటలలో పొలుసు పురుగుల నివారణకు హెచ్. జి. హబ్బార్డ్ వాడిన కిరోసిన్–సబ్బు ఎమల్షన్ ఎంతో ప్రచారం పొందింది. రెండు గ్యాలన్ల కిరోసిన్, ఒక గ్యాలన్ నీరు, అర పౌను సబ్బు కలిపి పంపుతో చిలికి మీగడవలె చేసి, తరువాత నీటితో పలుచన చేసేవారు. ఇందులో మూడింట రెండు వంతులు కిరోసినే అయినప్పటికీ వెలుపలి ప్రావస్థ నీరే. ఒకే పరిమాణం గల గోళాలను ఎంత దట్టంగా పేర్చినా అవి 74 శాతానికి మించి స్థలాన్ని ఆక్రమించలేవు; హబ్బార్డ్ మిశ్రమం ఆ హద్దుకు కొంచెం దిగువన ఉన్నది. చిక్కటి స్థితిలో చిలకడం వలన బిందువులపై పడే ఒరిపిడి ఎక్కువై అవి సన్నబడతాయి. నేటికీ వేపనూనెను నేరుగా పంపులో పోయకుండా ముందు కొద్ది సబ్బునీటితో చిక్కగా చిలికి, తరువాత పలుచన చేయాలని చెప్పడంలోని తర్కం ఇదే.

ఇంగ్లండులోని వోబర్న్ ప్రయోగాత్మక పండ్ల తోటలో పనిచేసిన స్పెన్సర్ పికరింగ్ 1907లో మరొక విశేషాన్ని ప్రచురించాడు. సబ్బు లేకుండానే, కాపర్ సల్ఫేటు, సున్నం కలిసినపుడు ఏర్పడే క్షార కాపర్ సల్ఫేటు రేణువులు నూనె బిందువుల చుట్టూ కవచంవలె చేరి వాటిని కలవనీయకుండా ఆపగలవని చూపాడు. ఘనరేణువులతో నిలిచే ఎమల్షన్లను నేడు ఆహార, ఔషధ పరిశ్రమలన్నీ పికరింగ్ పేరుతోనే పిలుస్తున్నాయి. పుట్టినది మాత్రం పిచికారి మందుల పరిశోధనలో అన్న సంగతి వ్యవసాయ విద్యార్థులకు తెలిసి ఉండడం మంచిది. ఇ.సి. మందును కాపర్ ఆక్సీక్లోరైడ్ వంటి పొడి మందుతో కలిపినపుడు జరిగేది కూడా ఈ కోవకు చెందినదే. రేణువు నీటికీ నూనెకూ సమంగా తడిస్తే సరిహద్దు వద్ద నిలిచి మేలు చేస్తుంది. నూనెకే ఎక్కువగా తడిస్తే రేణువులు ముద్దలై నాజిల్‌కు అడ్డుపడతాయి.

1913లో విల్డర్ బాంక్రాఫ్ట్ ప్రతిపాదించిన సూత్రం ప్రకారం ఎమల్సీకరణి ఏ ద్రవంలో ఎక్కువగా కరుగుతుందో ఆ ద్రవమే వెలుపలి ప్రావస్థ అవుతుంది. సోడియం, పొటాషియం సబ్బులు నీటిలో కరుగుతాయి కనుక నీరు వెలుపల, నూనె లోపల ఉండే ఎమల్షన్‌ను ఇస్తాయి. కాల్షియం, మెగ్నీషియం, జింకు సబ్బులు నూనెకు చుట్టాలు. అవి నూనె వెలుపల ఉండే ఎమల్షన్ వైపు లాగుతాయి. మీగడను చిలికితే వెన్న కావడం ఇటువంటి తలకిందులకు ఇంటింటా కనిపించే ఉదాహరణ: మీగడలో నీరు వెలుపల ఉంటుంది, వెన్నలో కొవ్వు వెలుపల ఉంటుంది. 1949లో విలియం గ్రిఫిన్ ఈ గుణాన్ని హెచ్.ఎల్.బి. అనే అంకెలోకి తెచ్చాడు. 3 నుండి 6 వరకు ఉన్న ఎమల్సీకరణులు నూనె వెలుపలి ఎమల్షన్లకు, 8 నుండి 18 వరకు ఉన్నవి నీరు వెలుపలి ఎమల్షన్లకు అనువైనవి. ఈ అంకె నీటి కఠినత్వాన్ని, ఉష్ణోగ్రతను లెక్కలోకి తీసుకోదు. పొలంలో చిక్కులు తెచ్చేవి సరిగ్గా ఆ రెండే.

మీగడ వేరు, నూనె తెట్టు వేరు

బిందువు నీటిలో పైకి తేలే వేగం స్టోక్స్ సూత్రం ప్రకారం దాని వ్యాసపు వర్గానికి, రెండు ద్రవాల సాంద్రతల భేదానికి అనులోమంగా, నీటి స్నిగ్ధతకు విలోమంగా ఉంటుంది. వేపనూనె సాంద్రతను 0.92గా తీసుకొంటే, ఒక మైక్రాన్ బిందువు రోజంతటికీ 4 మిల్లీమీటర్లు కూడా పైకి లేవదు. 10 మైక్రాన్ల బిందువు గంటకు 1.6 సెంటీమీటర్లు, 30 మైక్రాన్ల బిందువు 14 సెంటీమీటర్లు, 50 మైక్రాన్ల బిందువు 39 సెంటీమీటర్లు లేస్తుంది. 100 మైక్రాన్ల బిందువు 35 సెంటీమీటర్ల ఎత్తు గల పంపులో అడుగు నుండి పైకి చేరడానికి పదమూడు, పద్నాలుగు నిమిషాలు చాలు. ఇవి కదలని నీటికి వర్తించే లెక్కలు. రైతు నడకకు పంపులోని ద్రవం ఊగుతుంది కనుక వాస్తవంలో కొంత ఆలస్యం జరుగుతుంది. అయితే 200 లీటర్ల డ్రమ్ములో ఒకేసారి మందు కలిపి, పన్నెండు పంపులకు వరుసగా ముంచుకొనే చోట డ్రమ్ము రెండు, మూడు గంటలు కదలకుండా ఉంటుంది. అక్కడ పరిస్థితి తారుమారవుతుంది: పైనుండి బక్కెటతో ముంచుతారు కనుక మొదటి పంపులకు చిక్కటి మందు, చివరి పంపులకు పలుచటి మందు వెళుతుంది.

బిందువులన్నీ పైకే తేలుతాయని భావించడం కూడా సరికాదు. మలాథియాన్ సాంద్రత 1.23; జైలీన్ సాంద్రత 0.87కు మించదు. రెండూ కలిసిన బిందువు సాంద్రత వాటి పాళ్లను బట్టి నీటికంటే తక్కువగా గాని ఎక్కువగా గాని ఉండవచ్చు. ఎక్కువైతే పొర అడుగున చేరుతుంది, పంపు మొదటి నిమిషంలోనే గాఢమైన మందును తోడుతుంది. పైన తెట్టు కనిపించలేదు కనుక మందు విడిపోలేదని తీర్మానించరాదు, అడుగునూ చూడాలి.

పొర ఏర్పడినంత మాత్రాన ఎమల్షన్ చెడిపోయినట్లు కాదు. పైకి తేలిన బిందువులు దగ్గరగా చేరినా, ఒక్కొక్కటి తన చుట్టూ ఉన్న ఎమల్సీకరణి పొరను కాపాడుకొంటే అది మీగడ. పాత్రను నాలుగుసార్లు తిరగేస్తే మళ్లీ మునుపటివలె కలిసిపోతుంది. ఆ పొర చిరిగి బిందువులు ఒకదానిలో ఒకటి కలిసిపోతే అది నూనె తెట్టు. దానిని పంపు కుదుపు గాని, కర్రతో తిప్పడం గాని తిరిగి చిన్న బిందువులు చేయలేదు. ఎంత కలిపినా రెండు నిమిషాలలో కళ్లు కళ్లుగా పైకి వస్తుంది. పొలంలో ఆకు మాడిన సందర్భాలను పరిశీలించేటపుడు ఈ భేదాన్ని పట్టించుకోకపోవడం పెద్ద లోపం. మీగడ అయితే తరచుగా కలుపుతూ పిచికారి చేయమనే సలహా సరిపోతుంది. నూనె తెట్టు అయితే ఆ ద్రవాన్ని పంటపై వాడరాదు. ఆకు మీది మైనపు పొరను కరిగించి, పత్రరంధ్రాలను మూసివేసేది ఆ విడి నూనెయే.

మూడవ మార్గం ఒకటి ఉన్నది, దానిని గుర్తించడం కష్టం. జైలీన్ నీటిలో బొత్తిగా కరగదని అనుకొంటాము గాని లీటరుకు 150 నుండి 200 మిల్లీగ్రాముల వరకు కరుగుతుంది. లీటరుకు 2 మి.లీ. చొప్పున పలుచన చేసిన ఇ.సి.లో జైలీన్ మొత్తం రెండు గ్రాముల లోపే ఉంటుంది. అంటే ద్రావణిలో చెప్పుకోదగిన భాగం నీటిలోకి జారిపోగలదు. చిన్న బిందువుల నుండి కరిగిన ద్రావణి పెద్ద బిందువులలో చేరి అవి ఇంకా పెద్దవవుతాయి. ద్రావణి కోల్పోయిన బిందువులలో క్రియాశీల పదార్థం స్ఫటికాలుగా పేరుకోవచ్చు. రాత్రి మిగిలిన ద్రవాన్ని మరునాడు వాడితే జల్లెడలో సన్నని సూదుల వంటి స్ఫటికాలు చిక్కుకోవడానికి ఇదొక కారణం. కలిపిన ద్రవాన్ని నిల్వ ఉంచరాదనే సిఫారసుకు క్రియాశీల పదార్థం నీటితో చర్యపొంది విచ్ఛిన్నం కావడమొక్కటే ఆధారం కాదు.

కఠిన జలం, సబ్బు, జింకు సల్ఫేటు

మందుల నాణ్యతా పరీక్షలలో వాడే ప్రామాణిక కఠిన జలాన్ని లీటరు నీటిలో 0.304 గ్రాముల అనార్ద్ర కాల్షియం క్లోరైడ్, 0.139 గ్రాముల ఆరు నీటి అణువులు గల మెగ్నీషియం క్లోరైడ్ కరిగించి తయారుచేస్తారు. దాని కఠినత్వం కాల్షియం కార్బొనేటుగా 342 పి.పి.ఎం. భారతీయ పద్ధతిలో 2 మి.లీ. మందును ఈ నీటితో 100 మి.లీ.కి చేర్చి, 30 డిగ్రీల వద్ద గంటసేపు కొలజాడీలో ఉంచినపుడు పైన గాని అడుగున గాని ఏర్పడిన పొర 2 మి.లీ. మించరాదు. ఈ పరీక్షలో నెగ్గిన మందు 342 పి.పి.ఎం. నీటిలో, 30 డిగ్రీల వద్ద, ఒంటరిగా ఉన్నపుడు నిలుస్తుందని మాత్రమే అర్థం. తాగునీటికి సంబంధించిన భారతీయ ప్రమాణం ప్రత్యామ్నాయం లేనపుడు 600 పి.పి.ఎం. వరకు కఠినత్వాన్ని అనుమతిస్తున్నది. మెట్ట ప్రాంతాల బోర్లలో 342 దాటిన నీరు అరుదు కాదు.

కఠిన జలం సబ్బును ఎంతగా దెబ్బతీస్తుందో లెక్కించి చూడవచ్చు. లీటరు పిచికారి ద్రవానికి ఒక గ్రాము సబ్బు వాడితే అందులో సుమారు 3.3 మిల్లీమోల్‌ల కొవ్వు ఆమ్ల అయాన్లు ఉంటాయి. ఒక కాల్షియం అయాను రెండు సబ్బు అయాన్లను పట్టుకొంటుంది కనుక 1.65 మిల్లీమోల్‌ల కాల్షియం చాలు. అది దాదాపు 165 పి.పి.ఎం. కఠినత్వానికి సమానం. అంతకు మించిన నీటిలో ఆ గ్రాము సబ్బు అంతా తెల్లటి తుకతుకలుగా మారిపోగలదు. ఎమల్సీకరణి నశించడమొక్కటే కాదు, ఏర్పడిన కాల్షియం సబ్బు బాంక్రాఫ్ట్ సూత్రం ప్రకారం ఎమల్షన్‌ను తలకిందులు చేసే వైపు లాగుతుంది. వేపనూనె, సబ్బు కలిపిన ద్రవం ఒక గ్రామంలో చక్కగా నిలిచి, పక్క గ్రామంలో గంటలోపే తెట్టు కట్టడానికి నూనె నాణ్యతను నిందించే ముందు బోరు నీటిని పరీక్షించడం న్యాయం. సబ్బు పాలు పెంచడం ఖరీదైన పరిష్కారం; పెరిగిన ప్రతి గ్రాములో మొదటి వాటా కాల్షియానికే పోతుంది. అయానేతర ఎమల్సీకరణి వాడడం మేలు. కుంకుడు కాయల రసం కఠిన జలంలోనూ నురగనిస్తుంది కనుక సబ్బు కంటే ఈ విషయంలో నయం. కాని కాయను, నానబెట్టిన కాలాన్ని బట్టి రసం చిక్కదనం మారుతుంది కనుక ప్రతిసారి సీసాలో కలిపి చూసుకోవలసి ఉంటుంది.

ఇ.సి. మందుల్లో అయానిక, అయానేతర ఎమల్సీకరణుల జంటను పెట్టడం కఠినత్వంలోని హెచ్చుతగ్గులను సర్దుకోవడానికే. ఆ సర్దుబాటుకు హద్దు ఉన్నది. వరిలో జింకు లోపానికి లీటరుకు 2 గ్రాముల జింకు సల్ఫేటు పిచికారి చేయడం తెలిసిన సిఫారసే. కూలి ఖర్చు కలిసి వస్తుందని దానినే ఇ.సి. మందుతో ఒకే పంపులో కలపడం కూడా తరచుగా జరుగుతున్నది. ఏడు నీటి అణువులు గల జింకు సల్ఫేటు అణుభారం 287.5, రెండు గ్రాములంటే 6.96 మిల్లీమోల్‌ల జింకు అయాన్లు. ద్విసంయోజక అయాన్ల సంఖ్యను బట్టి చూస్తే ఇది 696 పి.పి.ఎం. కఠినత్వాన్ని నీటికి చేర్చడంతో సమానం, అనగా ప్రామాణిక కఠిన జలానికి రెట్టింపు. బోరు నీటి కఠినత్వం అప్పటికే 400 ఉంటే మందు ఎదుర్కొనేది 1,100 పి.పి.ఎం. నీటిని. ఏ తయారీదారుడూ తన ఎమల్సీకరణులను ఈ నీటికి కూర్చడు. అయాన్లు బిందువుల మీది విద్యుదావేశపు కవచాన్ని కుంచించుకుపోయేలా చేస్తాయి. గాఢత పెరిగినపుడు అయానేతర ఎమల్సీకరణికి అంటిన నీటి అణువులను కూడా లాగివేస్తాయి. యూరియా అయాన్లుగా విడిపోదు కనుక ఈ కోణంలో దానివలన హాని చాలా తక్కువ. 13-0-45 వంటి నీటిలో కరిగే ఎరువులలో ఏకసంయోజక అయాన్లే ప్రధానం. అవి జింకు అంత తీవ్రంగా పనిచేయకపోయినా లీటరుకు 5, 10 గ్రాముల చొప్పున వాడినపుడు తేలికగా తీసుకోదగినవి కావు.

ఉష్ణోగ్రత ప్రభావం వేరొక దారిలో పనిచేస్తుంది. అయానేతర ఎమల్సీకరణి నీటిలో కరగడానికి కారణం దాని గొలుసుకు హైడ్రోజన్ బంధాలతో అంటిన నీటి అణువులే. వేడి పెరిగేకొద్దీ ఆ బంధాలు సడలి, అది క్రమంగా నూనె వైపు మొగ్గుతుంది. 1960 దశకంలో జపాన్ శాస్త్రవేత్త కోజో షినోడా ఈ మార్పు జరిగే ఉష్ణోగ్రతను ఎమల్సీకరణుల ఎంపికకు కొలబద్దగా చూపాడు. ఆ ఉష్ణోగ్రతకు చేరువైనపుడు అంతరతల తన్యత మిక్కిలి తగ్గి బిందువులు సులభంగా ఏర్పడతాయి, అంతే సులభంగా కలిసిపోతాయి. ఎండలో ఉంచిన నల్ల డ్రమ్ములోని నీరు 30 డిగ్రీల పరీక్షకు ప్రతినిధి కాదు. మందును నీడలోనే కలపాలనడానికి మనిషి సౌకర్యం ఒక్కటే కారణం కాదన్నమాట.

డ్రోన్ పిచికారిలో ఇవే సూత్రాలు మరో రూపం దాలుస్తాయి. ఎకరానికి 200 లీటర్లకు బదులు 10 లీటర్లే వాడినపుడు అదే 400 మి.లీ. మందు 0.2 శాతం నుండి 4 శాతానికి చేరుతుంది. ఎమల్సీకరణి గాఢత ఇరవై రెట్లు పెరుగుతుంది, నీటిలోని కాల్షియం మాత్రం పెరగదు. కనుక ఒంటరి మందుకు కఠిన జలపు బెడద తగ్గుతుంది. కాని ఎరువులు, పొడి మందులు కూడా అంతే గాఢంగా చేరితే మిశ్రమం ముద్దకట్టే ప్రమాదం ఎక్కువ.

ప్రయోగశాలలో విలోమ సమస్య

పొలంలో నిలవాలని కోరుకొనే ఎమల్షన్‌నే అవశేషాల విశ్లేషణ ప్రయోగశాలలో త్వరగా విడగొట్టవలసి వస్తుంది. కూరగాయ రసం నుండి మందు అవశేషాలను హెక్సేన్‌లోకి గాని డైక్లోరోమీథేన్‌లోకి గాని తీసేటపుడు వేర్పాటు గరాటులో రెండు పొరల మధ్య నురగ వంటి మూడవ పొర మొండిగా నిలుస్తుంది. మొక్కలోని ప్రోటీన్లు, సపోనిన్లు, సన్నని పీచు రేణువులు అక్కడ ఎమల్సీకరణులుగా పనిచేస్తాయి. హెక్సేన్ సాంద్రత 0.66 కనుక పైన, డైక్లోరోమీథేన్ సాంద్రత 1.33 కనుక అడుగున చేరతాయి. ఏ పొరను పారబోస్తున్నారో ఒకటికి రెండుసార్లు చూసుకోవలసిన చోటు ఇది. గట్టిగా కుదపక మెల్లగా తిరగేయడం, సోడియం క్లోరైడ్ చేర్చడం, అపకేంద్ర యంత్రంలో తిప్పడం ఇక్కడి మార్గాలు. పొలంలో శత్రువైన లవణం ఇక్కడ మిత్రుడు. 2003లో ప్రచురితమైన క్వెచర్స్ పద్ధతి ఈ సూత్రాన్ని మరొక అడుగు ముందుకు తీసుకువెళ్లింది. ఎసిటోనైట్రైల్ నీటితో పూర్తిగా కలిసిపోయే ద్రావణి. అయినా 10 గ్రాముల నమూనా, 10 మి.లీ. ఎసిటోనైట్రైల్ ఉన్న గొట్టంలో 4 గ్రాముల అనార్ద్ర మెగ్నీషియం సల్ఫేటు, ఒక గ్రాము సోడియం క్లోరైడ్ వేసి కుదిపితే లవణాలు నీటిని తమవైపు లాక్కొని ద్రావణిని వేరే పొరగా బయటకు నెడతాయి. రెండు పొరలు ఏర్పడడానికి నూనె వంటి ద్రవమే ఉండనక్కరలేదని విద్యార్థికి చూపడానికి దీనికంటే మంచి ప్రదర్శన లేదు.

పొలం గట్టున పరీక్ష

గ్రామంలో ఫిర్యాదు వచ్చినపుడు చేయదగిన పరీక్షకు రెండు పారదర్శకమైన లీటరు సీసాలు, మి.లీ. గుర్తులు గల సిరంజి, గడియారం చాలు. ఒక సీసాలో రైతు వాడే బోరు నీరు, రెండవదానిలో శుద్ధిచేసిన నీరు లేదా వర్షపు నీరు అర లీటరు చొప్పున పోయాలి. రైతు పంపులో వేసిన పదార్థాలన్నింటినీ అదే మోతాదులో, అదే వరుసలో రెండింటిలోనూ కలపాలి. రైతు వరుస తప్పుగా ఉన్నదని తోచినా మొదట దానినే పాటించాలి, లేకపోతే పొలంలో జరిగినది సీసాలో కనిపించదు. తరువాత మరొక జతలో సరైన వరుసను ప్రయత్నించవచ్చు: సగం నీరు, ముందుగా నీటిలో ముద్దగా కలిపిన పొడి మందు, పిదప ద్రవరూప ఎస్.సి. మందు, ఆ తరువాత ఇ.సి., చివరగా మిగిలిన నీరు. ఇ.సి.ని ముందు పోసి దానిపై కొద్దికొద్దిగా నీరు పోయకూడదు. మొదట నూనె వెలుపలి ఎమల్షన్ ఏర్పడి, అది పూర్తిగా తలకిందులు కాకుండా ముద్దలుగా మిగిలిపోవచ్చు.

సీసాలను నీడలో ఉంచి 5 నిమిషాలకు, అరగంటకు, గంటకు, రెండు గంటలకు పైనా అడుగునా చూడాలి. రైతు ఒక కలపకంతో ఎంతసేపు పిచికారి చేస్తాడో అడిగి, చివరి పరిశీలన కనీసం అంత సమయానికి ఉండేలా చూసుకోవాలి. పొర కనిపిస్తే సీసాను పదిసార్లు మెల్లగా తిరగేసి ఐదు నిమిషాలు ఆగాలి. కలిసిపోతే మీగడ, మళ్లీ కళ్లు కట్టి తేలితే విడి నూనె. అంతర్జాతీయ పద్ధతిలో 24 గంటల తరువాత తిరిగి కలిపి చూడడం వెనుక ఉద్దేశం ఇదే.

శుద్ధజలపు సీసా నిలిచి బోరు నీటి సీసా విడిపోతే తప్పు మందుది కాకపోవచ్చు. నీటి కఠినత్వాన్ని కొలిపించి, చెరువు నీరు గాని వేరొక రూపంలోని మందును గాని సూచించవచ్చు. రెండు సీసాలూ విడిపోయి, పంపులో ఎరువులు లేదా ఇతర మందులు కలిసి ఉంటే, ఇ.సి.ని ఒంటరిగా శుద్ధజలంలో కలిపి చూడాలి. అప్పుడు నిలిస్తే దోషం కలయికది. అప్పుడూ గంటలోపు నూనె తెట్టు కడితే మందుపై అనుమానం బలపడుతుంది. విప్పని డబ్బా నుండి నమూనాను 1968 నాటి క్రిమిసంహారక మందుల చట్టం కింద నియమితుడైన ఇన్‌స్పెక్టర్ ద్వారానే సేకరింపజేసి పరీక్షాశాలకు పంపాలి. రైతు విప్పిన డబ్బాలోని మందుతో చేసిన సీసా పరీక్ష అనుమానానికి ఆధారమే గాని నిరూపణకు చెల్లదు. ఫిర్యాదు పత్రానికి బ్యాచ్ సంఖ్య, గడువు తేదీ, నీటి కఠినత్వం, కలిపిన సమయంలో నీటి ఉష్ణోగ్రత, కలిపిన పదార్థాల వరుస, రెండు సీసాల ఛాయాచిత్రం జతచేయాలి.